లెక్కలో లేని చుట్టు

ఆర్బ్రోత్ రేవు వెనక, బడి మైదానంలో
నాలుగొందల మీటర్ల ఎర్ర ట్రాక్.
మధ్యాహ్నం పన్నెండుకి బూర ఊదారు.
రేపు పన్నెండుకి మళ్లీ ఊదుతారు.
మధ్యలో చేయాల్సిందల్లా ఆగకపోవడం.

ముప్పై ఒక్కమందిమి.
"ఇంతకీ ఎక్కడికే పరుగు?" అంది మా చెల్లెలు ఉనా,
సూప్ ఫ్లాస్కు మూత బిగిస్తూ.
ఎక్కడికీ కాదు.
గానుగెద్దు నయం, దాని తిప్పటకి నూనైనా దిగుతుంది.
నాకు దిగేది చెమట, అది ఆరాక ఉప్పు.
చేపలకు పొగబెట్టే షెడ్డులో ఇరవై రెండేళ్లు
చేతులకి అంటిన ఉప్పే
ఇప్పుడు నుదుటి మీద.

గుడారం కింద బల్ల. బల్ల వెనక ఫార్కర్ మిల్న్,
ఒకప్పుడు బస్సు కండక్టరు,
ఇవాళ నా చుట్లు లెక్కపెట్టే మనిషి.
నేను చెయ్యెత్తుతాను. ఆయన గీత గీసి అంకె అరుస్తాడు.
"నలభై రెండు, మోర్వెన్!"
టికెట్ చింపి చేతిలో పెట్టినట్టే ఉంటుంది.
అది అందితేనే కాలు ముందుకు పడుతుంది.

నాలుగు గంటలకోసారి దిక్కు మారుస్తారు.
గీత దగ్గరున్న కోను చుట్టి వెనక్కి తిరగాలి.
అప్పటిదాకా నాకు తెలిసినవి వీపులే.
డూగల్డ్ వీపు మరీను,
ఎడమ భుజం కాస్త జారి, చొక్కా నిండా తడి మరకలు,
మొండిగా, గోడలా, ఎప్పుడూ పది గజాల ముందు.
తిరిగామో లేదో ముఖాలు ఎదురయ్యాయి.
ఆ వీపుకున్న ధైర్యం
ఆ ముఖంలో లేదు.
అరచేతిని నా అరచేతికి తాకించి వెళ్లిపోయాడు.
ఆ తర్వాత మళ్లీ వీపులే.

రాత్రి సముద్రం మీంచి మంచు దిగింది.
రెండో వంపులో కళ్లతో పని లేదు,
ముందువాడి బూట్ల చప్పుడు పట్టుకుని నడిచాను,
అవును, నడిచాను, పరుగని ఎవరన్నారు?
చల్లారిన బంగాళదుంప ఉప్పులో అద్దుకుని తిన్నాను,
కక్కాను,
ఇంకోటి తిన్నాను.
కుడి బొటనవేలి గోరు బూటులోనే
వేరు కాపురం పెట్టింది.

మూడింటికి చెయ్యెత్తితే జవాబు లేదు.
ఫార్కర్ గడ్డం ఛాతీకి ఆనింది.
పెన్సిల్ ఇంకా వేళ్ల మధ్యే ఉంది.
దుప్పటి ఒక భుజం మీంచి జారింది.
పిలవొచ్చు. ఆ గీత నాది.
నోరు తెరిచాను కూడా.
రాత్రిళ్లు నిద్రపట్టకే ఈ పనికి ఒప్పుకున్నానని
సాయంత్రం నవ్వుతూ చెప్పినవాడు
నోరు కొంచెం తెరిచి, చంటిపిల్లాడిలా.
మడమలు ఆనించకుండా
బల్ల దాటాను.

తర్వాతి చుట్టుకి ఎవరి దగ్గో లేపినట్టుంది.
"రెండు వందల ముప్పై ఏడు!"
తప్పు చేసిన కుర్రాడి గొంతు, కాస్త ఎక్కువ గట్టిగా.
ముప్పై ఎనిమిది, అన్నాయి నా కాళ్లు.
"థాంక్స్ ఫార్కర్," అన్నాను నేను.

దానకర్ణుణ్ణేం కాదు.
పొద్దున్న తొమ్మిదింటికి, ఎండ కళ్లలో పొడుస్తుంటే
ఆ నాలుగొందల మీటర్ల కోసం వెక్కి వెక్కి ఏడ్చాను.
డూగల్డ్ ఏమైందని అడిగితే
గోరు, అన్నాను.

చివరి పది నిమిషాలకి తలా ఒక ఇసుక సంచి ఇచ్చారు,
పిడికిలంత, మీద మన నంబరుతో.
బూర వినిపించగానే ఉన్నచోట వదిలెయ్యాలి.
మూడో వంపు దగ్గర వినిపించింది.
సంచి వదిలి, దాని పక్కనే నేనూ కూలబడ్డాను.
కొలిచే చక్రం టిక్కు టిక్కుమంటూ
తీరిగ్గా నా దాకా వచ్చింది.

మూడు వందల నలభై ఏడు చుట్లు, రెండు వందల పన్నెండు మీటర్లు.
కాగితం పట్టుకుని ఫార్కరే వచ్చాడు, దుప్పటితో సహా.
"నీ లెక్కకి సరిపోయిందా?"
ఆయన కళ్లు నా కళ్లలో ఏదో వెతికాయి.
"సరిపోయింది."
ఒక్క స్టాపు
టికెట్ లేకుండా వచ్చానని
కండక్టరుకి ఎలా చెప్పను?

ఉనా మోకాళ్ల మీద కూర్చుని
నా బూటు లాగింది.
గోరు మేజోడులోనే ఉండిపోయింది.